పత్తి కాలంలో కరిచే తలుపులు

కోవిడ్ రెండో విడత సద్దుమణిగిన మరుసటి సంవత్సరం అది. ఆసుపత్రుల రిజిస్టర్లు మళ్లీ మామూలు జ్వరాలతో, మామూలు గాయాలతో నిండడం మొదలైంది. కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆదోనిలో ఒక ఆసుపత్రి, ఎమ్మిగనూరులో ఒక ఆసుపత్రి ఎంచుకొని, ప్రమాదవశాత్తు తగిలే గాయాల సమాచారాన్ని మెరుగుపరిచే పని నాకు అప్పగించారు.

నేను చదివింది గణాంకశాస్త్రం. చేసే ఉద్యోగం, ఒక్కమాటలో చెప్పాలంటే, ఇతరులు రాసిన అంకెలను అనుమానించడం. మా వృత్తిలో ఇంజురీ సర్వైలెన్స్ అనే మాట వాడతాం. గాయం ఎవరికి, ఎక్కడ, ఏ పని చేస్తుండగా, దేనివల్ల తగిలిందో ఒక పద్ధతిలో నమోదు చేయడమే దాని అర్థం. ఒక వీధిలో డెంగీ కేసులు ఎక్కువైతే ఆ వీధికి మందు చల్లేవాళ్లు వెళతారు, ఎందుకంటే లెక్క ఆ వీధి పేరు చెబుతుంది. వేలు తెగినవాళ్ల లెక్క అలా ఏ చోటినీ చూపించదు. కుట్లు వేసి, ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారు. అదే చోట ఇంకొకరి వేలు తెగుతుంది.

పాత రిజిస్టరులో గాయానికి కారణం రాసే గడి చాలావరకు ఖాళీగా ఉండేది. లేకుంటే "ఇతరములు" అని ఉండేది. నేను ఒక పేజీ ఫారం తయారుచేశాను. అందులో కారణాల జాబితా ఇచ్చాను: రోడ్డు ప్రమాదం, ఎత్తు నుంచి పడడం, కాలడం, తలుపు లేదా కిటికీ సందులో నలగడం, యంత్రం, జంతువు, ఇలా. సిబ్బంది చేయవలసిందల్లా ఒకదానికి టిక్కు పెట్టడమే. రెండు ఆసుపత్రుల్లోనూ శిక్షణ ఇచ్చాను. మూడు నెలలు తిరగకుండానే ఖాళీ గడులు దాదాపు మాయమయ్యాయి. దీనిని మేం కంప్లీట్‌నెస్ అంటాం, అంటే నిండిన గడుల పాలు. సమీక్షా సమావేశంలో నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు న్యాయమైనదిగానే తోచింది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ తృప్తే.

ఒక మధ్యాహ్నం రెండు ఊళ్ల ఫారాలను పక్కపక్కన పెట్టుకొని చూస్తుండగా ఒక సంగతి నన్ను ఆపింది. ఎమ్మిగనూరులో తలుపు సందులో వేళ్లు నలిగినవాళ్లు ఏడాది పొడుగునా, నెలకు కొందరు చొప్పున వస్తున్నారు. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు. ఇది నమ్మదగినదే. ఆదోనిలో మాత్రం అలా నలిగినవాళ్లు వేసవిలో చాలా తక్కువ. మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలయ్యాక పెరిగారు. పైగా వారిలో పిల్లలు తక్కువ. పని వయసులో ఉన్న ఆడవాళ్లు ఎక్కువ. ఇక్కడ అంకెలు ఇవ్వడం లేదు. ఒక్కొక్క ఊరి నుంచి ఒకే ఆసుపత్రి, అదీ ఒకే సీజను కనుక వాటిని అచ్చులో చూసినవాళ్లు వాటికి లేని బలం ఆపాదిస్తారు. కానీ ఆ ఆకారం యాదృచ్ఛికమని సరిపెట్టుకోలేకపోయాను.

ఆదోని ఆసుపత్రి క్యాజువాలిటీలో చీటీలు రాసే రంగస్వామికి ఆ కాగితాలు చూపించాను. ఇరవై ఏళ్లుగా అదే కుర్చీలో కూర్చున్న మనిషి. కళ్లద్దాలు పైకి జరుపుకొని చూశాడు.

"ఇందులో ఏముండాది మేడం? సీజను వస్తే ఆదోని తలుపులకు కోరలు మొలుస్తాయి."

"మీకు ముందే తెలుసా?"

"తెలిసేదేముంది. వాళ్లు సెప్తారు, నేను టిక్కు కొడతా. ముందైతే ఇతరములు అని రాసేవాణ్ని. మీరే గదా మేడం, ఇతరములు రాయొద్దంటిరి. జాబితాలో తలుపు పెట్టింది కూడా మీరేనాయె."

అతని మాటలో ఎగతాళి ఉంది, నిజమూ ఉంది. నా ఫారం రాకముందు ఆ గడి "మాకు తెలియదు" అని ఒప్పుకునేది. నా ఫారం వచ్చాక తెలిసినట్టు మాట్లాడుతోంది.

అప్పటినుంచి వారానికి రెండు రోజులు క్యాజువాలిటీలో ఒక మూల కూర్చోవడం మొదలుపెట్టాను. రెండో వారంలో ఆటోలో ఒకామెను తీసుకొచ్చారు. కుడిచేతికి తువాలు చుట్టి ఉంది. ఆ తువాలు తన సొంత రంగు కోల్పోయింది. ఆమెను పట్టుకొని నడిపిస్తున్నది ఆమె పనిచేసే గుంపుకు మేస్త్రి, అంటే సీజనులో పత్తి మిల్లులకు కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మనిషి.

"పేరేమి?" అని రంగస్వామి ఆమెను అడిగాడు.

"సాలమ్మ," అని మేస్త్రి చెప్పాడు.

"వయసు?"

"ముప్పై ఏసుకోన్నా."

"యా ఊరు?"

"గోనెగండ్ల తట్టు. సీజనుకు ఈడికొచ్చినారు."

"ఎట్లయింది?"

"తలుపన్నా. గాలికి దబుక్కున పడింది."

రంగస్వామి కలం జాబితాలో తలుపు దగ్గరికి దానంతటదే వెళ్లింది. నేను లేచి, "అమ్మా, నువ్వు చెప్పు. ఎట్ల తగిలింది?" అని అడిగాను. ఆమె నన్ను చూడలేదు, మేస్త్రిని చూసింది. "తలుపే మేడం," అంది. తువాలు చుట్టిన చేతిని ఎడమచేత్తో గుండెకు అదుముకుంది. అటువంటి సమయంలో మళ్లీ ప్రశ్నించడం శాస్త్రం కాదు, క్రూరత్వం. ఊరుకున్నాను.

మేస్త్రి దుర్మార్గుడేమీ కాదు. కుట్లు వేసేంతవరకు బయట బెంచీ మీదే కూర్చున్నాడు. ఆమెకు టీ తెచ్చి ఇచ్చాడు. నేను పక్కన కూర్చొని మెల్లగా అడిగితే అతను దాచలేదు, ఒప్పుకోనూ లేదు. "మిషను అని రాస్తే ఎం.ఎల్.సి. చేస్తారు మేడం. స్టేషను సుట్టూ తిరిగేది మేము, మీరు కాదు. నేను ఆడ కూసుంటే ఈడ నలభై మందికి పని యెవరు సూపిస్తారు?" అన్నాడు. ఎం.ఎల్.సి. అంటే మెడికో-లీగల్ కేసు. పనిచోట జరిగిన ప్రమాదం అని తేలితే డాక్టరు పోలీసులకు తెలియజేయాలి. తలుపుకైతే ఆ బాధ లేదు. తలుపు మీద ఎవరూ కేసు పెట్టరు.

అంటే రోగి వాంగ్మూలంగా నేను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నవి చాలావరకు మేస్త్రుల వాంగ్మూలాలు. గాయపడిన మనిషి తరఫున వెంట వచ్చిన పెద్దమనిషి మాట్లాడడం ఇక్కడి మర్యాద. అది ఆదరం కూడా. దానిని నా ఫారం లెక్కలోకి తీసుకోలేదు. చెప్పిందెవరు అని అడిగే గడి అందులో లేదు.

అయినా ఇది ఇంకా అనుమానమే, రుజువు కాదు. డ్రెస్సింగు గదిలో పనిచేసే సిస్టర్ విజయకుమారికి మాత్రం ఏ అనుమానమూ లేదు. "పుండు కడిగేటప్పుడు దూది వస్తాది మేడం. తలుపులో దూది యాడినుంచి వస్తాది?" అంది. నేను ఒప్పుకోలేదు. సీజనులో ఆదోనిలో దూది లేని చోటు లేదు, నా చీర కుచ్చిళ్లకే అంటుకొని వస్తుంది. పైగా రక్తం ఆగడానికి గుప్పెడు పత్తి అదిమి పెట్టడం ఇక్కడ అందరికీ అలవాటు. ఇంట్లో తలుపుకు నలిగినా ఆ గాయంలో దూది ఉండవచ్చు. "మీకు ఏది సెప్పినా సాలదు," అని సిస్టర్ విసుక్కుంది.

ఆ విసుగులోనే ఆమె బల్ల సొరుగు లాగి ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి నా ముందు పడేసింది. అది ఆమె సొంత పుస్తకం. కట్టు కట్టే పలుచటి గుడ్డను గాజ్ అంటారు. మరునాడు ఎవరికి ఎంత గాజ్ కత్తిరించి పెట్టుకోవాలో మరచిపోకుండా, పేరు పక్కన రెండే విషయాలు రాసుకుంటుంది: ఏ చేయి, ఎన్ని వేళ్లు. ఈ పుస్తకం రాస్తున్నప్పుడు ఆమెకు ఏ కారణమూ నిరూపించాలని లేదు. మా వృత్తిలో అటువంటి సాక్ష్యం కన్నా విలువైనది లేదు.

పుస్తకంలోని పేర్లను నా తలుపు కేసులతో జతచేసి చూడడానికి రెండు రోజులు పట్టింది. పని వయసులో ఉన్న ఆ ఆడవాళ్లలో అత్యధికుల గాయాలు కుడిచేతివే. పైగా ఒక వేలు కాదు, పక్కపక్కనున్న రెండు మూడు వేళ్లు. కుడిచేతి వాటం కనుక తలుపుకు కూడా కుడిచేయే నలగవచ్చు కదా అని నాకు నేనే అడ్డం చెప్పుకున్నాను. అందుకని ఎమ్మిగనూరుకు వెళ్లి, అక్కడి తలుపు కేసుల్లో చేతి వివరం రాసినవన్నీ చూశాను. అక్కడ కుడి, ఎడమ కలగలిసి ఉన్నాయి. ఎక్కువగా ఒక్క వేలి కొసే. రెండు ఊళ్ల తలుపులు రెండు రకాలుగా కరవడానికి నాకు వేరే కారణం దొరకలేదు.

మూడో డ్రెస్సింగుకు సాలమ్మ వచ్చినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. ఈసారి వెంట మేస్త్రి లేడు, చెల్లెలు రూతు ఉంది. కట్టు పుండుకు అంటుకుపోతే సిస్టర్ సెలైనుతో తడుపుతూ, నొప్పి మరిపించడానికి మాట కలిపింది.

"ఏమ్మే సాలమ్మా, మీ ఇంటి తలుపు బాగుండాదా? ఇంకెవర్నన్నా కరిసినాదా?"

సాలమ్మ ఫక్కున నవ్వింది. "మా ఇంటికి తలుపు యాడిది సిస్టరమ్మా! రేకుల షెడ్డు. గోనెపట్ట యాలాడదీసినాము."

అన్న తర్వాత నన్ను చూసి నవ్వు ఆపేసింది. "ఈయమ్మ ఎవరు?"

"లెక్కలు రాసే మేడం. పోలీసు కాదులే. ఏమి సెప్పినా నమ్మదు, అంతే."

నేను కలం మూసి బల్ల మీద పెట్టాను. ముందు నోరు విప్పింది రూతు. "సెప్పక్కా. ఇంకెన్నాళ్లు తలుపు తలుపు అంటావు."

సాలమ్మ తన ఎడమచేతిని బల్ల మీద పెట్టి, ఆ పక్కనే కుడిచేతి కట్టును కదిలిస్తూ చూపించింది. జిన్నింగ్ మిషనులో పత్తి నుంచి గింజను వేరుచేసే రోలర్లు ఉంటాయి. పత్తి తేమగా ఉంటే అక్కడ ముద్ద కడుతుంది. ఎడమచేత్తో చట్రం పట్టుకొని, కుడిచేత్తో ఆ ముద్దను లాగాలి. "మూత ఉంటే చెయ్యి పోదు మేడం. మూత ల్యా. తీసి గోడకు ఆనిచ్చినారు. నేను పనిలో చేరినప్పటినుంచీ ఆడే ఉండాది."

"ఇప్పుడు ఆ మిషను దగ్గర ఎవరున్నారు?"

"ఇదే," అని ఆమె చెల్లెలి వైపు తల ఊపింది. "నా చోటు ఇంకొకరికి పోతాదని మర్నాడే పోయి నిలబడ్డాది. దాని చేతులు సూడు మేడం, నాకంటే సిన్నవి. ఇంకా లోపలికి పోతాయి."

రూతు చేతులు పైటలోకి దాచుకుంది.

నేను కలం తీశాను. సాలమ్మ వెంటనే తన మంచి చేతిని నా ఫారం మీద పెట్టింది. "మిల్లు పేరు రాయొద్దు. రాస్తే మా వీధోళ్లను ఒక్కరినీ పిలవరు."

"పేరు లేకుంటే, ఇది నిజమని నేను ఎవరికి ఎట్లా చూపేది సాలమ్మా?"

"నమ్మితే నమ్ము, ల్యాకుంటే తలుపనే రాసుకో. ఆ మూత మాత్రం పెట్టించు తల్లీ."

సరిచూడడానికి వీలులేని మాటను రికార్డులోకి ఎక్కించకూడదని నేను ఎందరికో శిక్షణ ఇచ్చాను. ఆమె అడుగుతున్నది సరిగ్గా అదే. ఆ సాయంత్రం బసకు తిరిగివచ్చాక నాకు స్పష్టమైన విషయం చిన్నది. నేను సరిచూడవలసింది ఏ మిల్లు అన్నది కాదు, యంత్రంలో ఏ చోటు అన్నది. మిల్లు పేరు ఒక యజమానిని పట్టిస్తుంది. చోటు తెలిస్తే ఆ రకం యంత్రాలన్నిటికీ మూత పెట్టించవచ్చు. చోటును సరిచూడడానికి సాలమ్మ మిల్లుకే వెళ్లనక్కరలేదు.

కావాలనే వేరే మిల్లుకు వెళ్లాను. యజమాని మర్యాదగా లోపలికి తీసుకెళ్లాడు. రోలర్ల మీద ఉండవలసిన ఇనుప రేకు మూత గోడకు ఆనించి ఉంది. దాని మీద దూది పొర పేరుకుంది. మిషను నడిపే పెద్దాయనను ఎందుకు తీశారని అడిగాను.

"మూతేస్తే ముద్ద కట్టింది కానరాదు మేడం. నిమిషానికోసారి తీసి ఏసేది, తీసి ఏసేది. అట్లయితే మిషను తిరిగేదెప్పుడు? నువ్వు ఒక దినం నిలబడి సూడు."

నిలబడి చూశాను. ఒక దినం కాదు, ఒక గంట. ఆ గంటలో అక్కడ పనిచేస్తున్న ఆడవాళ్లు ముద్ద లాగిన ప్రతిసారీ ఎడమచేయి చట్రం మీదే ఉంది, కుడిచేయే లోపలికి వెళ్లింది. సిస్టర్ పుస్తకం, సాలమ్మ మాట, ఈ యంత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఒకే చోటును చూపించాయి. ఆ తర్వాత మరి రెండు మిల్లులు చూశాను. ఒకచోట మూత ఉంది, ఒకచోట లేదు. అన్ని మిల్లులూ ఇలాగే ఉంటాయని నేను అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ అనను.

ఫారం మార్చాను. దానిని క్యాజువాలిటీ నుంచి తీసి డ్రెస్సింగు గదికి పంపాను. రెండో లేదా మూడో కట్టు మార్చే రోజున, నొప్పి తగ్గి, వెంట ఎవరూ లేని సమయంలో నింపాలి. సూపరింటెండెంటు రాతపూర్వక అనుమతితో అందులో పేరు తీసేశాం, మిల్లు పేరు అడగలేదు. పోలీసులకు తెలియజేసే డాక్టరు బాధ్యత దాని దారిన అదే, మా కాగితం దానికి అడ్డం కాదు. కారణాల జాబితా కొట్టేసి ఒకే ప్రశ్న ఉంచాను: ఆ సమయంలో ఏం చేస్తున్నావు? జవాబు వాళ్ల మాటల్లోనే రాయాలి. వర్గీకరణ తర్వాత మేం చేసుకుంటాం. ఆ పక్కనే ఒక చిన్న గడి: ఈ మాట చెప్పింది ఎవరు?

కొద్ది వారాల్లో ఆదోని తలుపులు శాంతించాయి. యంత్రాల గాయాలు పెరిగాయి. జిల్లా సమావేశంలో ఒక అధికారి, "మీరు వచ్చాక ఆదోనిలో మిషను ప్రమాదాలు ఎక్కువయ్యాయే!" అని ఆందోళన పడ్డారు. గాయాలు పెరగలేదనీ, మనకు కనిపించడం పెరిగిందనీ వివరించడానికి చాలాసేపు పట్టింది. మా రంగంలో పని బాగా జరిగిన మొదటి సంవత్సరం పరిస్థితి దిగజారినట్టే కనిపిస్తుంది. దానిని తట్టుకోలేక పాత ఫారానికి తిరిగి వెళ్లినవాళ్లు ఉన్నారు.

నా నివేదికలో ఏ మిల్లు పేరూ లేదు. చోటు ఉంది, కారణం ఉంది. మిషను నడిపే పెద్దాయన మాటను బట్టి ఒక సూచన కూడా ఉంది: రేకు మూత బదులు, ముద్ద కట్టింది కనిపించేలా ఇనుప జాలీ మూత బిగించాలి, ముద్ద తీయడానికి చెయ్యి కాకుండా కర్ర వాడాలి. కర్మాగారాలను తనిఖీ చేసే శాఖ ఆ రకం యంత్రాలున్న మిల్లులన్నిటికీ ఆ ఆదేశం పంపింది. ఆదేశం పంపడం, మూత బిగించడం ఒకటి కావని నాకు తెలుసు. సాలమ్మ మిల్లుకు వెళ్లి చూడలేను. వెళితే ఏ మిల్లో అందరికీ తెలిసిపోతుంది.

మరుసటి సీజనులో ఆదోని ఫారాల్లో రోలర్ల గాయాలు తగ్గాయి. ఆ తగ్గుదలను మూతల ఖాతాలో వేయమని పై నుంచి అడిగారు. వేయలేదు. ఆ ఏడు వానలు చెడగొట్టి యార్డుకు పత్తే తక్కువ వచ్చింది. పని తక్కువైతే గాయమూ తక్కువవుతుంది. రెంటినీ విడదీసే ఆధారం నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు.

ఆ సీజను చివర ఒక ఉదయం డ్రెస్సింగు గదిలో ఉండగా అక్కాచెల్లెళ్లిద్దరూ వచ్చారు. కొసలు పోయిన రెండు వేళ్లూ బిగుసుకుపోతున్నాయని సాలమ్మ చూపించుకోవడానికి వచ్చింది. నన్ను గుర్తుపట్టి గుమ్మంలోనే ఆగింది.

"మేడం, జాలీ ఏసినారు. బోల్టులు బిగిచ్చినారు. దీనికి కట్టె కూడా ఇచ్చినారు." చెల్లెలి వైపు తిరిగి, "రూతూ, సేతులు సాపు," అంది.

రూతు సిగ్గుపడింది. "ఊరుకోక్కా."

"సాపవే. ఈయమ్మ సెప్తే నమ్మే మనిషి కాదు, సూడాల."

రూతు రెండు చేతులూ ముందుకు చాపింది. సాలమ్మ తన మిగిలిన వేళ్లతో చెల్లెలి వేళ్లను ఒక్కొక్కటే తాకి, వినిపించేలా లెక్కపెట్టింది. "పది. రాసుకో మేడం."

నేను ఫారం వైపు చూశాను. జరగని గాయాన్ని రాయడానికి అందులో గడి లేదు. ప్రపంచంలో ఏ ఫారంలోనూ ఉండదు. మా వృత్తి అంతిమ లక్ష్యం అదే అయినా అది మా లెక్కల్లోకి రాదు.

ఈ ఉదంతం తర్వాత నేను ఒక మాట వాడడం మానేశాను: రోగులు అబద్ధం చెప్పారు అన్నది. నిజం చెప్పడానికి వీలులేని చోట, చెప్పలేని సమయంలో, మరొకరి ఎదుట మేం అడిగాం. వచ్చిన జవాబు ఆ ఏర్పాటుకు తగినదే. ఇప్పుడు ఏ ఊరి నుంచి ఏ పట్టిక వచ్చినా అంకెల కన్నా ముందు అడిగేది మూడు ప్రశ్నలు: ఎవరు చెప్పారు, ఎప్పుడు, అప్పుడు పక్కన ఎవరున్నారు?

ఆ రోజు నేను వెతుక్కుంటున్న గడి సిస్టర్ విజయకుమారి పుస్తకంలో ఉంది. ఆమె సొరుగు లాగి, ఆనాటి తేదీ కింద ఏ తడబాటూ లేకుండా ఒక వరుస రాసింది. ఆ పేజీ నకలు నా దగ్గర ఉంది. ఒక్క మనిషి చేతులతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా దాచుకున్నాను.

"రూతు. రెండు చేతులు. పది వేళ్లు. గాజ్ అక్కరలేదు."